జపాను గోగునార పాట

వయోవృద్ధుల ఉల్లాస శాఖ వారు జపాను వెళ్లి వచ్చారు. ఊరికే షికారుకి వెళ్లలేదు, అధ్యయనానికి వెళ్లారు. అధ్యయనానికి వెళ్లినవాళ్లు ఏదో ఒకటి పట్టుకురాకపోతే బాగుండదు గనక కొందరు గడియారాలు తెచ్చుకున్నారు, కొందరు మడతపెట్టే గొడుగులు తెచ్చుకున్నారు. జాయింట్ డైరెక్టర్ పరాంకుశం గారు మాత్రం ఒక సత్యాన్ని తెచ్చుకున్నారు.

అక్కడెక్కడో ఒక చిన్న ఊళ్లో ముసలివాళ్లంతా పగటిపూట ఒకచోట చేరి, తమ చిన్నప్పటి శరత్కాలపు పాటలు కలిసి పాడుకుంటున్నారట. పాడుతుంటే వాళ్ల మొహాలు వెలిగాయట, మరుపు పట్టినవాళ్లకి మరిచిపోయిన పేర్లు తిరిగొచ్చాయట. పరాంకుశం గారు గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా కళ్లారా చూశారు. ముసలివాళ్లకి కావలసినవి మందులూ కాదు, మాటలూ కాదు, జపాను శరత్కాలపు పాటలేనని అక్కడికక్కడే తేల్చేశారు. ఆ పాటలు ఆ ముసలివాళ్ల చిన్నప్పటివి కావడం ఒక చిన్న వివరం. చిన్న వివరాలు చూసుకోవడానికి కింది సిబ్బంది ఉంటారు.

ఆ సత్యం సర్క్యులర్ రూపం దాల్చి, మెట్టు మెట్టూ దిగుతూ, చివరికి కందివలస పగటి కేంద్రానికి చేరింది. కేంద్రం అంటే మరేం కాదు, సున్నం కొట్టిన పాత ధాన్యం గిడ్డంగి, దానికి ముందు ఒక వరండా, వరండా ముందు ఒక బాదం చెట్టు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలోని ముసలివాళ్లంతా అక్కడికి చేరతారు. టీ ఇస్తారు, ఫ్యాను తిరుగుతుంది, ఎవరూ ఎవర్నీ అడ్డం లెమ్మనరు. అంతకంటే ఎవరూ ఏమీ కోరలేదు.

ఎల్లారమ్మ మాత్రం అక్కడికి టీ కోసం వచ్చేది కాదు. తన తోటికోడలు సన్యాసమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. ఇద్దరూ ఒకే వాకిట్లో కాపురాలు చేసినవాళ్లు, దెబ్బలాడుకోని పొద్దు ఎరగనివాళ్లు. ఆశ్వయుజ మాసంలో గోగు కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరేసి, కుళ్లిన తరవాత నడుంలోతు నీళ్లలో దిగి నార తీసేవారు. ఆ కంపు చెప్పనలవి కాదు. ఆ కంపు మరవడానికే పాట పాడేవారు. సన్యాసమ్మ ఎత్తుకునేది, ఎల్లారమ్మ అందుకునేది. మధ్యమధ్య సన్యాసమ్మ పాట ఆపి మరీ, తోటికోడలు తీసిన నార చూసి, "నీ పాయ వంకర" అని వంక పెట్టేది.

ఇప్పుడు సన్యాసమ్మకి మనుషులు గుర్తులేరు. కన్నకొడుకుని కరెంటు బిల్లు కుర్రాడనుకుంటుంది. ఎల్లారమ్మని రోజూ, "ఓలమ్మా, నువ్వెవులివి తల్లీ?" అని మర్యాదగా అడుగుతుంది. దెబ్బలాడే మనిషి మర్యాద చేస్తుంటే ఎల్లారమ్మ మొహం తిప్పేసుకునేది. అయితే మధ్యాహ్నం పూట హాల్లో కూర్చుని ఎల్లారమ్మ,

"గట్టు దాటి పోయె కొంగ చెరువు దాటునా"

అని ఎత్తుకుంటే చాలు, సన్యాసమ్మ తలెత్తి,

"చెరువు దాటి పోయె కొంగ మల్లి వొచ్చునా"

అని అందుకునేది. తప్పు లేకుండా, తడుముకోకుండా చివరంటా పాడేది. ఆ కాస్సేపూ తోటికోడలు తనకి దక్కేది. ఎల్లారమ్మకి ఆ రోజుకి అది చాలు.

సర్క్యులర్ ఆ పాట మీదే పడింది. కేంద్రం నిర్వాహకురాలు కమలకుమారి అందర్నీ కూర్చోబెట్టి చదివి వినిపించింది. "రాష్ట్రమందలి సమస్త కేంద్రములయందు జపాను శరద్గీతములు సామూహికముగా ఆలపింపజేయవలెను. ఆలపించువారు గతకాలపు తలపోతతో ఆలపించవలెను. సదరు తలపోతను పలచబరచునట్టి ఇతర పాటలు కేంద్రపు ఆవరణలో నిషిద్ధము." ఏడాదికోసారి ఉద్యోగం పొడిగించుకునే మనిషి కావడంతో కమలకుమారి 'నిషిద్ధము' అన్న మాటని రెండుసార్లు చదివింది.

పాటలు పన్నెండు. మాటలు జపానువి, అక్షరాలు తెలుగువి, అర్థం వెనకవైపు. ఒకదాంట్లో ఎర్రాకు రాలుతుంది. ఇంకోదాంట్లో కాకి కొండ మీది గూటికి పోతుంది. మిగతావాటిల్లో చందమామా, కీచురాళ్లూ, దూరాన వంటింటి పొగా ఉన్నాయి. రైసుమిల్లులో ఇంజను డ్రైవరుగా చేసి దిగిపోయిన గౌరునాయుడు అన్నీ తిరగేసి చూసి, ఇందులో ఒక్కరూ పనిలోకి పోలేదేమని అడిగాడు. కమలకుమారి తరవాతి కాగితం తీసింది.

అయినా నేర్చుకున్నారు. ముసలివాళ్లు మాటకి విలువిచ్చే మనుషులు. వేడి పకోడీ నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టి, పదిహేను రోజులయ్యేసరికి అందరూ ఒకేసారి ఆపడం దాకా వచ్చారు. సన్యాసమ్మ మాత్రం నోరు విప్పలేదు. ఒళ్లో చీర కొంగు పెట్టుకుని, దాన్ని పాయలు పాయలుగా లాగుతూ కూర్చునేది.

మొదటి తనిఖీకి పరాంకుశం గారు స్వయంగా వేంచేశారు. పన్నెండు పాటలూ విని పెదవి విరిచారు. గానం ఉంది గాని తలపోత లేదన్నారు. గతకాలం గుర్తు రావడం లేదా అని అడిగారు. ఏ గతకాలమని గౌరునాయుడు వినయంగా ఎదురడిగాడు. జపానుది అన్నారాయన. ఎవరికీ రావడం లేదని తేలింది.

ఇంకొకరైతే అక్కడితో వదిలేద్దురు. పరాంకుశం గారు సమస్యని చూసి పారిపోయే రకం కాదు. "మీయందు జపాను బాల్యము లేకపోవుటయే ఈ పథకమునకు ప్రధాన అవరోధము. ఆ లోటును శాఖ పూరించగలదు" అని హామీ ఇచ్చి వెళ్లారు. వారం తిరక్కుండా బాల్యాలొచ్చాయి.

వాటిని అకారాది క్రమంలో పంచారు. ఎల్లారమ్మకి మంచుకొండ కింద పల్లె, వీపు మీద మోసి పెంచిన చెల్లెలూ వచ్చాయి. ఉన్న బాల్యం ఎక్కడ అప్పజెప్పాలని ఆవిడ కమలకుమారిని అడిగింది. గౌరునాయుడికి సాయంత్రాలు పిల్లనగ్రోవి ఊదే తండ్రి వచ్చాడు. అందరూ నవ్వారు గాని అతను నవ్వలేదు. తన అయ్య తనకి ఊహ తెలియకముందే పోయాడనీ, ఈయన మంచివాడిలాగే ఉన్నాడు గనక పథకం అయిపోయాక కూడా ఉంచుకోనిస్తారా అనీ అడిగాడు. నిబంధనల్లో లేదన్నారు.

సన్యాసమ్మ ఏ బాల్యం చెప్పినా తలూపింది. పాత జ్ఞాపకాల అడ్డు లేని ఆదర్శ లబ్ధిదారు అని శాఖ వారు ఆవిణ్ణి మెచ్చుకుని, ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో చూసి ఎల్లారమ్మకి ఒళ్లు మండింది.

తరవాత వంతు శరదృతువుది. కందివలసలో ఆశ్వయుజమంటే చెమటలు కారే ఉక్క, ఉన్నట్టుండి ఒక గాలివాన. బాదం చెట్టు ఆకులు ఎర్రబడి రాలే మాట నిజమే గాని, అది సంక్రాంతి దాటాక గాని ఆ పని పెట్టుకోదు. చెట్టు తీరు నిబంధనలకి విరుద్ధంగా ఉందని గుర్తించి, మునిసిపాలిటీ వారి చేత నిచ్చెన వేయించి, ఆకులకి ఎర్ర రంగు కొట్టించారు. రోజూ మూడింటికి ఇద్దరు మనుషులు చెట్టెక్కి శరదృతువు దులిపేవారు. పొద్దున్నే వీధి ఊడ్చే ఆమె వచ్చి శరదృతువుని బండికెత్తుకుని పోయేది. నాలుగు రోజులు అలా జరిగాక, వరండా ముందు ఊడవరాదని ఆమెకి రాతపూర్వకంగా ఉత్తర్వులిచ్చారు. ఇరవై ఏళ్ల సర్వీసులో తనకి అంత మంచి ఉత్తర్వు రాలేదని ఆమె సంతోషించింది.

ఈ సందట్లో సన్యాసమ్మ రోజురోజుకీ లోపలికి పోతోంది. అన్నం పెడితే తింటుంది, లేమంటే లేస్తుంది. ఇంటి దగ్గర ఎల్లారమ్మ గట్టు మీద కొంగని ఎన్నిసార్లు ఎత్తుకున్నా పలకలేదు. ఆ పాటకి నలుగురి మధ్య కూర్చోవాలి, నాలుగు గొంతులు వెనక ఉండాలి. చెరువులోనూ అలాగే ఉండేది. ఇక ఉండబట్టలేక, పరాంకుశం గారు రెండోసారి వచ్చినప్పుడు ఎల్లారమ్మ ఎదురెళ్లి నిలబడింది.

"బాబూ, మీ పాటలన్నీ పాడతాం. ఆఖర్న మాదొక్కటి పాడుకోనియ్యండి. అది పాడితే మా అప్ప సన్యాసమ్మ పలుకుతాది."

"అది ఏ పాట?"

"గోగునార తీసిన పాట. అదీ ఈ కాలంలోదే బాబూ."

పరాంకుశం గారు దయగల మనిషి. అందులో కొండ ఉందా అని అడిగారు. లేదంది. చందమామ? లేదంది. రాలుటాకు? కుళ్లిన నీళ్లున్నాయి, కొంగ ఉంది అంది. ఆయన చాలా విచారించారు. "అమ్మా, స్థానిక కొంగలను అనుమతించినచో ఈ పథకము ఎచ్చట ఆగునో మీరే యోచింపుడు" అన్నారు. పనిలో పనిగా, వచ్చే గురువారం తుది పరీక్ష అనీ, కళ్లలో తడి కనిపించని కేంద్రాన్ని మూసేసి హాలుని ఎర్రాకుల గోదాము చేస్తామనీ తెలియజేశారు. హాలు పోతే పాట పాడుకునే చోటే పోతుంది. ఎల్లారమ్మకి ఆ రాత్రి అన్నం దిగలేదు.

గురువారం వచ్చింది. పరాంకుశం గారు జపానులో కొనుక్కున్న తెల్లటి అంగీ పాదాల దాకా వేసుకుని, బాదం చెట్టు కింద చేతుల కుర్చీలో ఆసీనులయ్యారు. వాతావరణం కోసం ఇరువైపులా అగరొత్తులు వెలిగించారు. పరిశీలకుడు గీతం ముగిసే వరకు కళ్లు తెరవరాదు, కదలరాదు, పలకరాదు అని ఆయన రాసిన నిబంధనే ఒకటుంది. దాని ప్రకారం కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకి వాల్చారు. పైనుంచి ఎర్రాకులు ఆయన మీద రాలడం మొదలైంది.

ముసలివాళ్లు వరండాలో కూర్చుని పాడారు. ఒకటైంది, రెండైంది, పదకొండూ అయ్యాయి. గౌరునాయుడు పిల్లనగ్రోవి తండ్రిని తలుచుకుని ఒక కంట్లో కొద్దిగా తెప్పించగలిగాడు. మిగతా కళ్లన్నీ పొడిగానే ఉన్నాయి. మిగిలింది ఒక్క పాట. కమలకుమారి ఎల్లారమ్మ పక్కన చేరి, ఎలాగోలా ఏడువు పిన్నీ అని చెవిలో బతిమాలింది.

ఏడవడం ఎల్లారమ్మకి రాని విద్య కాదు. ఆ వీధిలో ఎవరింట్లో పీనుగు లేచినా ముందు ఆవిడకే కబురొచ్చేది. ఆవిడ శోకం పెడితే పాలికాపులు నాగలి ఆపి వినేవారు. అయితే ఆవిడకి తెలిసిన ఏడుపు అదొక్కటే. సరే అనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పన్నెండో పాటని శోకం వరసలో ఎత్తుకుంది. కాకీ, కొండా, గూడూ సాగి సాగి వెళ్లాయి. ఆ వరస విన్నాక పక్కనున్న ఆడవాళ్లు ఊరుకోగలరా? ఒకరి మెడ ఒకరు కావలించుకుని అందుకున్నారు.

చిక్కేమిటంటే పన్నెండో పాట చిన్నది. మాటలైపోయాయి గాని శోకం ఆగలేదు. శోకానికి ఎదురుగా ఒక మనిషి కావాలి. ఎల్లారమ్మ కళ్లెత్తి చూస్తే తెల్లబట్టలో, అగరొత్తుల మధ్య, తల వాల్చేసి పరాంకుశం గారు కనిపించారు. నోటికి అలవాటైన దారి నోరు పట్టింది.

"ఎర్రాకులు రాల్పించిన బాబో... నువ్వే రాలిపోనావా బాబో... నీడపట్టున కుర్సీ ఏసి కూకోబెడితే... లెగకుండా ఎలిపోనావా బాబో..."

వీధి వీధంతా విన్నది. టీ కొట్టువాడు పొయ్యి ఆర్పేశాడు. దర్జీ మిషను ఆపేశాడు. ఎవరు పోయినా ముందుండి నడిపించే బూర్లె అప్పన్న తువ్వాలు నడుముకి బిగించి పరుగున వచ్చాడు, వెనక పదిమంది వచ్చారు. వాకిట్లో నిలబడి చూశారు. అడగవలసిందేమీ కనబడలేదు. ఎంతలేసి ఆఫీసరు, ఈ ఎండకి తట్టుకోలేకపోయాడు పాపం అనుకున్నారు.

కమలకుమారి కాదని చెప్పడానికి వెళ్లింది గాని ఆ ఏడుపులో ఆమె గొంతు ఎవరికీ వినపడలేదు. ఎవరో దండ తెచ్చి వేశారు. దండలు పరాంకుశం గారికి కొత్త కాదు, చిరునవ్వు కూడా ఆపుకున్నారు. అప్పన్న ఆయన కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి కట్టాడు. గుడ్డపేలిక గడ్డం కిందుగా తీసి నడినెత్తిన ముడేశాడు. అదంతా శాఖ వారు తనకి చెప్పకుండా ఏర్పాటు చేసిన జపాను సన్మానం అనుకున్నట్టు ఆయన తరవాత చెప్పారు.

"మా అప్ప నోట పాట తీసీసినావు బాబో... ఇప్పుడు నీ నోరు కట్టీసినారా బాబో..." అని ఎల్లారమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఇప్పుడా ఏడుపు పరీక్ష కోసం కాదు. లోపల కుక్కిపెట్టుకున్నదంతా తోసుకొచ్చేసింది.

అప్పన్న స్నానానికి నీళ్లు తెప్పించి మొదటి బిందె కుమ్మరించాడు. పరాంకుశం గారు కళ్లు తెరిచారు. ఒక్కోసారి అలా తెరుచుకుంటాయని అప్పన్న పక్కవాళ్లకి చెప్పి, అరచేత్తో మెల్లిగా మూసేశాడు. రెండో బిందె పోశాడు. నీళ్లు వరండా ముందంతా పారాయి, రంగు కారి ఎర్రాకులు పచ్చబడ్డాయి.

అప్పుడు సన్యాసమ్మ లేచింది. ఎవరూ లేమనకుండానే లేచింది. ఆ నీళ్లలో దిగి, పరాంకుశం గారి తడిసిన అంగీ అంచుని పట్టుకుని, పిండి, బొటనవేలితో చీల్చుతున్నట్టు పాయ లాగింది. లాగుతూ గొంతెత్తింది.

"గట్టు దాటి పోయె కొంగ చెరువు దాటునా..."

ఏడుపులన్నీ ఆగిపోయాయి. ఎన్నాళ్లుగానో ఎల్లారమ్మే ఎత్తుకుంటోంది, సన్యాసమ్మ అందుకుంటోంది. ఇవాళ వరస వెనకటి వరసైంది. ఎల్లారమ్మ "చెరువు దాటి పోయె కొంగ మల్లి వొచ్చునా" అని అందుకునేసరికి వరండాలోని ముసలివాళ్లంతా అందుకున్నారు. అందరూ ఆ చెరువులో దిగినవాళ్లే. వాకిట్లో దర్జీ ముక్కు తుడుచుకున్నాడు. అప్పన్న మూడో బిందె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పొడిగా ఉన్న కన్ను ఒక్కటి లేదు.

పాట అయింది. అప్పన్న కళ్లు తుడుచుకుని, పొద్దువాలకముందే లేవదీద్దాం, కుర్చీ పట్టమన్నాడు. నలుగురు నాలుగు కోళ్లు పట్టారు. అంతలో గట్టిగా తుమ్ము వినబడింది.

"ఆగండి. బయల్దేరినప్పుడు తుమ్మితే మంచిది కాదు. కాసేపు దించండి" అన్నాడు అప్పన్న.

దించారు. అంతా నిలబడ్డారు. తుమ్మింది ఎవరన్న ఆలోచన అప్పుడొచ్చింది. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు, తరవాత కుర్చీ వంక చూశారు. పరాంకుశం గారు ఇంకోసారి తుమ్మారు. కోళ్లు పట్టిన నలుగురూ మళ్లీ ఆ వీధిలో రెండు రోజుల దాకా కనబడలేదు.

జరిగింది పైకి రాయాలంటే పరాంకుశం గారికి రెండే దారులున్నాయి. తనకి కందివలసలో పీనుగు స్నానం చేయించారని రాయాలి, లేదా పథకం దిగ్విజయమైందని రాయాలి. ఆయన రెండోదే రాశారు. యావత్తు వీధి స్వచ్ఛందంగా కంటతడి పెట్టిందనీ, జలాభిషేక పూర్వకంగా ఆలపించిన చివరి గీతం అపూర్వ ఫలితాలిచ్చిందనీ రాశారు. అంత ఫలితమిచ్చిన పాట జాబితాలో లేకపోవడం శాఖకి అప్రతిష్ఠ. అందువల్ల గోగునార పాట పదమూడో జపాను శరద్గీతంగా జాబితాకెక్కింది.

హాలు నిలిచింది, పాటా నిలిచింది. ఎల్లారమ్మ సంతోషానికి హద్దు లేకపోయింది. అయితే నెల తిరిగేసరికి కొత్త సర్క్యులర్ వచ్చింది. సమస్త కేంద్రాల్లోనూ పదమూడో పాటే పాడాలి, తక్కినవన్నీ నిషిద్ధం. గోగు ముఖం ఎరగని మెట్ట జిల్లాల్లో ప్లాస్టిక్ తొట్లు పెట్టించి ముసలివాళ్లని నడుంలోతు నీళ్లలో నిలబెడుతున్నారనీ, కుళ్లు వాసన సరఫరాకి టెండర్లు పిలిచారనీ, అయినా అక్కడ కంటతడి రావడం లేదనీ కమలకుమారి చెప్పింది. కారణం రాసి పంపమని కందివలసని అడిగారట.

"ఆళ్లకి ఆళ్ల పాట ఉంటాది కదమ్మా. అది పాడుకోమని రాయి" అంది ఎల్లారమ్మ.

అలా రాయడానికి నిబంధన లేదంది కమలకుమారి. గౌరునాయుడు, ఆళ్ల పాట కూడా జపానుదేనని రాసుకోమనమ్మా అన్నాడు.

అదీ పనిచేసింది. మొదట ఒక ఊరి కలుపు పాట పద్నాలుగో శరద్గీతమైంది. ఆ తరవాత దంపుళ్ల పాట, ఊయల పాట, బండి తోలే పాట, పెళ్లివారిని తిట్టే పాట ఒకదాని వెనక ఒకటి జపాను నుంచి దిగాయి. జాబితా ఇప్పుడు రెండు సంపుటాలు. జపాను సంస్కృతి ఇంత విస్తారమైనదని తమకి ఇంతకుముందు తెలియదని శాఖ వారు ఒక సభలో ఆశ్చర్యం వెలిబుచ్చారు. మరోసారి అధ్యయనానికి వెళ్లక తప్పదని అదే సభలో తీర్మానించారు.

కందివలసలో మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాక మామూలుగానే ఫ్యాను తిరుగుతుంది, టీ వస్తుంది. ఒకరోజు పదమూడో శరద్గీతం మంచి ఊపులో ఉండగా సన్యాసమ్మ పాట ఆపేసింది. పక్కకి తిరిగి, ఎల్లారమ్మ చేతుల వంక చాలాసేపు చూసింది. ఎవులివి తల్లీ అని అడుగుతుందని ఎల్లారమ్మ గుండె దిటవు చేసుకుంది.

"ఎల్లీ, నీ పాయ వంకర" అంది సన్యాసమ్మ.

ఎల్లారమ్మ వెంటనే, నీదే వంకరని తగువు వేసుకుంది. ఆ సాయంత్రం ఇద్దరూ దెబ్బలాడుకుంటూనే ఇంటికి వెళ్లారు.